బ్యాగుకు పట్టిన రాహుకాలం

మీ ప్రయాణం ఎప్పుడు మొదలవుతుంది? మీరు కదిలినప్పుడా, మీ బ్యాగు కదిలినప్పుడా? నవ్వకండి. దీనికి తప్పు జవాబు చెప్పుకొని ఒక పెద్దమనిషి క్వారీ పోగొట్టుకోబోయాడు.

కర్నూలు విమానాశ్రయం తెరిచిన తొలి రోజుల్లో ఒక చార్టర్ సంస్థ నన్ను అక్కడ కెప్టెన్‌గా నియమించింది. ఆరు సీట్ల చిన్న విమానం. ఒక శుక్రవారం బేతంచెర్ల క్వారీ యజమాని ఓబులరెడ్డిని కడపకు చేర్చాలి. పదకొండున్నరకు అక్కడి కార్యాలయంలో ఆయన లీజుపై విచారణ. అసలు పత్రాలు చూపకపోతే లీజు రద్దు; క్వారీ మూత, కూలీలు ఇంటికి.

కర్నూలు నుంచి కడప ఆకాశమార్గంలో సుమారు నూట యాభై కిలోమీటర్లు. గాల్లో ఉండేది అరగంటే. మేము మాత్రం ముప్పావుగంట లెక్కవేస్తాం. ఇక్కడ చక్రాల కింది అడ్డుదిమ్మలు తీసినప్పటి నుంచి అక్కడ మళ్లీ పెట్టేవరకు. దాన్ని బ్లాక్ టైం అంటాం. తొమ్మిదింబావుకు బయలుదేరేలా ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేశాను.

రెడ్డి ఒట్టి చేతులతో వచ్చాడు. పత్రాలేవని అడిగాను.

“ఆరుంబావుకే ప్రస్థానం పెట్టినాం సారూ. పంతులు చెప్పిన గడియ అది. బ్యాగు కార్లో కడపకే పోతాండాది.”

మంచి గడియకు తాను కదల్లేనివాడు తన వస్తువొకటి ముందుగా గడప దాటించడమే ప్రస్థానం. పాతకాలం వాళ్లు పక్కింటి దాకా పంపి ఊరుకునేవారు. ఈయన జిల్లా దాటించాడు. ఆ గడియకు మీరే కారెక్కవచ్చు కదా అన్నాను.

“అప్పటికి నాకు స్నానం కాల్యా.”

పది గంటలకు కడపలో దిగాం. కారు రాలేదు. బండల లారీల వెనక చిక్కుకుని ఉంటుందనుకున్నాం. పదిన్నర దాటింది. పావుతక్కువ పదకొండుకు రెడ్డి డ్రైవరుకు ఫోను చేసి స్పీకర్‌లో పెట్టాడు.

“యాడుండావు డేవిడ్?”

“ఊరి బయటే సార్. రోడ్డు పక్కన ఆపుకోనుండా.”

“ఆడెందుకప్పా?”

“పదిన్నరకు రాహుకాలమొచ్చె గదా సార్. పన్నెండుకు కదుల్తా.”

“నువ్వు చర్చికి పోయేటోడివి. నీకు రాహుకాలమేందిరా?”

“నాకేం లేదు సార్. బ్యాగు మీది గదా.”

రెడ్డి నా వైపు చూశాడు. నేను గడియారం చూపించాను. తన నోటితో రాహుకాలంలో రమ్మని చెప్పడానికి ఆయనకు నిమిషం పట్టింది. అది నేను నడిపిన విమానం దాదాపు ఐదు కిలోమీటర్లు దాటే సమయం.

“రాప్పా, ఏమైతే అదయితాది.”

“ఈ మాట మీరే చెప్పినారని, రాహుకాలంలో బ్యాగు కదపొద్దన్న ఇంట్లో అమ్మగారికి మీరే చెప్పాల సార్.”

ఇరవై నిమిషాల్లో కారు వచ్చింది. విచారణకు పేరు పిలుస్తుండగా రెడ్డి లోపలికి వెళ్లాడట. రాహుకాలం నడుస్తుండగానే లీజు దక్కింది. తిరుగు ప్రయాణంలో ఆయన తీర్పు: “చూసినారా సారూ, ప్రస్థానం వట్టిగ పోల్యా.”

నేను నేర్చుకున్నది ఒకటే. మూఢనమ్మకం నమ్మినవాడితో ఆగదు. నమ్మనివాణ్ణి కూడా దానికి కాపలా పెడుతుంది. రేపు పనిమీద బయలుదేరేటప్పుడు పంచాంగం మూసి గడియారం చూడండి. కాగితాలు మీ చేత్తోనే పట్టుకోండి. మీ దగ్గర జీతానికి పనిచేసేవాళ్లకు మీ భయాలను డ్యూటీగా వేయడం ఇవాళే మానండి.