హజ్జమ్మ బుట్ట దిగితే

ఇన్షిరాహ్ హజ్జమ్మకు నకిలీ వస్తువంటే భయం. కొందరికి తేలంటే ఉన్నట్టు, కొందరికి చీకటంటే ఉన్నట్టు. తేలు కనబడితే చెప్పు తీయవచ్చు. చీకటైతే దీపం వెలిగించవచ్చు. నకిలీది మాత్రం అసలుదానిలాగే ఉంటుంది కదా అని ఆమె వాదన. అందుకని ఆమె అసలుదానికి కూడా భయపడేది.

అలెగ్జాండ్రియాలో, కోమ్ అల్ దిక్కా గుట్ట మీద, మూడో అంతస్తులో ఆమె ఇల్లు. బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది. ఆ సందులో ఇంటింటికీ అలాంటి బుట్ట ఉంది. రొట్టెలూ కూరలూ దాంట్లోనే పైకి వెళతాయి. హజ్జమ్మ బుట్టలో మాత్రం ఇరుగుపొరుగు కొన్నవన్నీ పరీక్షకు వెళతాయి. ఎవరు చేతిలో పొట్లంతో మలుపు తిరిగినా ముందు గొంతు దిగుతుంది, వెనకే బుట్ట.

"ఏం కొన్నావు?"

"సుత్తి, హజ్జమ్మా."

"దాంట్లో పెట్టు."

పెట్టక తప్పదు. పెట్టకపోతే ఆమె ఆ బాల్కనీలోనే నిలబడి, సుత్తి పిడి ఊడి ఎవరెవరి నుదుళ్ళు పగిలాయో పేరుపేరునా చెబుతుంది. వినేవాడు సగంలోనే సుత్తిని బుట్టలో పెట్టేస్తాడు.

పైకి వెళ్ళిన వస్తువును ఆమె చెంచాతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది. వాసన చూస్తుంది. ఒక అరచేతిలో దాన్ని, ఇంకో అరచేతిలో సబ్బును పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. చివరికి దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. నకిలీదైతే పీడకల వస్తుందట. ఒకసారి జ్వరం చూడటానికి వచ్చిన డాక్టరు దగ్గర థర్మామీటరు లాక్కుని తన టీ గ్లాసులో ముంచింది. జ్వరం ఎంతో తేలలేదు గానీ, టీ బాగా వేడిగా ఉందని తేలింది.

ఇంత చేసి, కొన్నాళ్ళకు బుట్ట దించి, ఒకే మాట అనేది.

"అసలుదే. తీసుకుపో."

ఎప్పుడూ అదే మాట. ఇన్నేళ్ళలో ఆమెకు ఒక్క నకిలీ కూడా దొరకలేదు. సందు సందంతా దీనికి నవ్వుకునేది. ఆమె చేతుల బంగారు గాజులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చినప్పుడు, వాటిని కూడా పరీక్షకు పంపి ఉంటుంది, ఇంకా తిరిగి రాలేదు అనుకున్నారు. బాల్కనీ కమ్మీకి ఆమె ఇనుప ముక్కలు దండలుగా కట్టి వేలాడదీసింది. సముద్రపు గాలికి అవి గలగలమనేవి. కాకులు రాకుండా అని కొందరు, దిష్టి తగలకుండా అని కొందరు అనుకున్నారు.

ఆ ఇంటి కిందే వగీహ్ కొట్టు. మేకులు, కుళాయిలు, తాళ్ళు, గ్యాస్ సామాను. తండ్రి పేరుతో బోర్డు. వగీహ్ కూడా అందరితో కలిసి నవ్వేవాడు, ఆ రెగ్యులేటర్ అమ్మేవరకు.

రేవు వైపునుంచి వచ్చినవాడొకడు చవకగా ఒక పెట్టె ఇచ్చి వెళ్ళాడు. రెగ్యులేటర్ల మీద కంపెనీ పేరులో ఒక అక్షరం కాస్త పక్కకు ఒరిగి ఉంది. వగీహ్ కళ్ళు దాన్ని చూశాయి. చూడలేదని వాటికి తనే నచ్చజెప్పాడు. మర్నాడు రెండో అంతస్తులో కొత్తగా కాపురానికి వచ్చిన రబాబ్ గ్యాస్ బండకు రెగ్యులేటర్ కావాలంటూ వచ్చింది. ఇచ్చాడు. ఆమె మెట్ల దాకా వెళ్ళకముందే బుట్ట దిగింది.

ఆ రోజు నుంచి వగీహ్‌కు అన్నం సహించలేదు. హజ్జమ్మ దాన్ని నకిలీదంటే తండ్రి బోర్డు మీద పేడ కొడతారు. అసలుదంటే రబాబ్ అగ్గిపుల్ల గీస్తుంది. ఆ వంటింటికి ఉన్నది అరచేయంత కిటికీ. రెండిట్లో దేనికి ఎక్కువ భయపడాలో తెలియక రెండిటికీ భయపడ్డాడు. తిరిగి ఇచ్చెయ్యమని రబాబ్‌ను అడగడానికి రెండుసార్లు మెట్లెక్కాడు. ఒకసారి వాళ్ళ కుళాయి బాగుందా అని అడిగి వచ్చాడు. ఇంకోసారి తలుపు తట్టకుండానే వచ్చాడు. పైనుంచి చెంచా చప్పుడు వినబడినప్పుడల్లా తన తలమీదే కొట్టినట్టుండేది.

శుక్రవారం బుట్ట దిగింది.

"రబాబ్, నీదే. అసలుదే. తీసుకుపో."

వగీహ్ ఊపిరి పీల్చుకున్నాడు. టీ తెప్పించుకున్నాడు. సగం తాగాక, ముసలావిడకు ఏమీ తెలియదని అర్థమైంది. గ్లాసు వదిలేసి, పానా పట్టుకుని పరుగెత్తాడు.

రబాబ్ తలుపు తీసింది. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వగీహ్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని గడపలోనే కూలబడ్డాడు.

ఏమీ కాలేదు. పప్పు ఉడుకుతూనే ఉంది.

"ఏమైంది అన్నా, నడుం పట్టిందా?" అంది రబాబ్.

ఊరికే చూసిపోదామని వచ్చానన్నాడు. మోకాళ్ళ మీదే బండ దగ్గరకు పాకాడు. రెగ్యులేటర్ బరువుగా ఉంది. అక్షరాలన్నీ నిటారుగా ఉన్నాయి. అది అతను అమ్మింది కాదు.

పై అంతస్తుకు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. హజ్జమ్మ బాల్కనీలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆమె తల వెనక ఇనుప దండలు ఊగుతున్నాయి. అంత దగ్గరగా అతను ఎప్పుడూ చూడలేదు. వంగిన పానాలు, పగిలిన ప్లగ్గులు, పిడి లేని సుత్తి, కత్తెరలో సగం. చివర కొత్తగా కట్టిన రెగ్యులేటర్. దాని మీద ఒక అక్షరం ఒరిగి ఉంది.

"ఇవన్నీ..." అన్నాడు వగీహ్.

"కాకులకి," అంది హజ్జమ్మ.

అతను ఆమె చేతుల వైపు చూశాడు. ఒక్క గాజు కూడా మిగలక మణికట్లు ఖాళీగా ఉన్నాయి. ఆమె చేతులను చిక్కుళ్ళ కిందికి దాచుకుంది.

నకిలీదని సందులోకి ఒక్క కేక వేసి ఉండవచ్చు కదా అన్నాడు, తల వంచుకుని.

"వేస్తే? రబాబ్ మొగుడు నీ కొట్టు తగలబెడతాడు. ఆ తర్వాత నాకు ఒక మేకు కావాలంటే ట్రామెక్కి పోవాలి. ట్రాములో నకిలీ టికెట్లు ఇస్తున్నారట. నాకు భయం."

వగీహ్ నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయాడు. ఆమె ఒక చిక్కుడు గింజను వెలుతురుకు పట్టి చూసి గిన్నెలో వేసింది.

"మా ఆయనకి ఒక కన్ను పోయింది, తెలుసుగా. ఇనుము కోస్తుంటే నకిలీ చక్రం పగిలింది. రెండో కంటితో నన్ను చూసి, అందం ఏమీ తగ్గలేదు అనేవాడు. అబద్ధాలకోరు." ఇంకో కాయ ఒలిచింది. "భయం ఒక్క మనిషి పడితే చాలురా. సందంతా ఎందుకు?"

వగీహ్ కిందికి వచ్చాడు. పెట్టెలో మిగిలిన రెగ్యులేటర్లు బయట పెట్టాడు. తర్వాత వెనక అరలోకి వెళ్ళి, తన కళ్ళకు నచ్చజెప్పి ఉంచిన ఇంకొన్నిటిని తెచ్చాడు. కుళాయిలు, ప్లగ్గులు, కోత చక్రాలు. సందులోకి వచ్చి తల పైకెత్తాడు.

"హజ్జమ్మా, బుట్ట దించు."

"ఏం కొన్నావు?"

"ఏమీ కొనలేదు. కాకులకి."

బుట్ట దిగింది. నిండింది. పైకి లేచింది. తాడు కిర్రుమంది. ఒకటో అంతస్తు దాటింది. రెండోది దాటబోతూ, అతని తలకు సరిగ్గా పైన ఆగింది. హజ్జమ్మ కమ్మీ మీద నుంచి వంగి చూసింది.

"ఒరే వగీహ్. ఈ తాడు పోయిన ఏడు నీ కొట్లోనే కొన్నాను. మొహమాటానికి పరీక్ష చెయ్యలేదు. అసలుదేనా?"

వగీహ్ తాడు వైపు చూశాడు. ఆలోచించాడు.

తర్వాత మెల్లగా గోడవారకు జరిగాడు.