పూడ్చిన దుంపలు

సమాధుల తోటకి కాపలా ఉండే పెద్దాయన్ని అందరూ గోతులాయన అంటారు. అలా అనకుండా ‘ఏమండీ’ అని పిలిచే ఒకే ఒక్క మనిషి పోయినేడు ఆ తోటలోకే వచ్చి చేరింది. భార్య గొయ్యి కూడా ఆయనే తవ్వాడు, అందరికీ తవ్వినట్టే అంచులు తీర్చి మరీ తవ్వాడు. ఫోన్లో పరామర్శించిన చుట్టంతో, "అయిపోయిందమ్మా, పూడ్చేశాం" అన్నాడు. వృత్తిలో మాట, నోటికి అలవాటు. పక్కనే ఉన్న కూతురికి గుండెల్లో గునపం దిగినట్టయింది. అప్పటినుంచి తండ్రితో ముక్తసరిగా తప్ప మాట్లాడదు.

చలికాలంలో వచ్చి తల్లి సమాధి మీద లిల్లీ దుంపలు పెట్టింది.

"పూడ్చావా?" అన్నాడాయన.

"నాటాను. ఈస్టర్‌కి పూస్తాయి, కాస్త చూసుకో" అని వెళ్లిపోయింది.

పండుగ దగ్గరపడేసరికి పని నెత్తిమీదికొచ్చింది. గడ్డి చెక్కాలి, సున్నం వెయ్యాలి, కుంగిన సమాధుల మట్టి సరిచెయ్యాలి. ఆయన ఒక్కడే. నడుం ఆయన మాట వినడం ఎప్పుడో మానేసింది. ఎవరి సమాధో తలెత్తి చూసే ఓపిక కూడా లేక వరసగా చెక్కుకుంటూ పోయాడు. ఆకులెండిన దుంపలు కుళ్లిన ఉల్లిపాయల్లా కనబడితే చెత్తతోపాటు ప్రహరీ మూలకి విసిరేశాడు. సున్నం బకెట్టుతో తిరిగొచ్చి, రాయి మీద భార్య పేరు చూశాకగానీ ఏం చేశాడో తెలియలేదు. అప్పటికే ఆ కుప్ప మీద తట్టలకొద్దీ మట్టి పడింది. కెలుకుదామని వంగి, వంగలేక కూలబడ్డాడు. ఇక దేనిమీదా ఆశ లేనంత అలసిపోయాడు.

ఈస్టర్ తెల్లవారుజామున జనం పాటలు పాడుకుంటూ వచ్చారు. కూతురు తిన్నగా తల్లి దగ్గరికే వెళ్లింది. వెల్ల వేసిన రాయి, నున్నటి మట్టి తప్ప ఏమీ లేవు.

"నేనే తవ్వి పారేశానమ్మా. చూసుకోలేదు. ఒంట్లో ఓపిక లేదు" అన్నాడు తండ్రి.

ఆమె ముఖం తిప్పుకుంది. తిప్పుకున్న చూపు ప్రహరీ మూల ఆగిపోయింది. సున్నపు పెచ్చుల మధ్యనుంచి ఒక కాడ వంకరగా పైకొచ్చి ఎర్రగా పూసింది. ఒక్కటే. మిగతావి ఏమయ్యాయో తెలియదు.

ఇద్దరూ చేతులతోనే మట్టి తీశారు. దుంపని సమాధి దగ్గరికి ఆయనే మోసుకొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చోడానికి చాలాసేపు పట్టింది. మట్టి కప్పి అరచేత్తో అదిమాడు.

"పూడ్చేశావా నాన్నా?" అంది కూతురు, కావాలనే.

ఆయన చెయ్యి సమాధి మీదే ఉండిపోయింది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"నాటానమ్మా," అన్నాడు. "మీ అమ్మని కూడా."