కాన్పుల ఆస్పత్రి గోడ మీద చుక్కలు

"పాత గోడల రంగులో సీసం ఉంటుంది. పాకే బిడ్డ వేలికి అంటి నోట్లోకి పోతే మెదడుకు జరిగే నష్టాన్ని ఏ డాక్టరూ పూడ్చలేడు."

హిందూపురం పాత కాన్పుల ఆస్పత్రిలో అడుగుపెట్టిన రోజు నేనన్న మాట ఇది. నా చంకలో పది నెలల నా కూతురు అమృత ఉంది.

ఆ భవనం మున్సిపాలిటీది. చాలా ఏళ్ళుగా మూతపడి ఉంది. మ్యూజియం పెట్టడానికి మా చరిత్ర సంఘం దాన్ని మూడేళ్ళ లీజుకు తీసుకుంది. మూడు నెలల్లోగా ప్రతి గోడకూ సున్నం కొట్టించాలి, లేకపోతే లీజు రద్దు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. వెనక గది బాగుచేయించే పని నాకు అప్పగించారు.

ఆ గదిలో అప్పటికే ఒక మనిషి ఉంది. ఉలిగమ్మ. ముప్పై ఏళ్ళు అక్కడే ఆయాగా చేసింది. ఆస్పత్రి మూసేశాక కూడా రోజూ మధ్యాహ్నం వచ్చి ఆ ఒక్క గదీ ఊడ్చేది. ఊడుస్తూ మెల్లగా మాట్లాడేది.

"ఎవరితో అవ్వా?"

"ఉండారులే."

గోడ మీద, నేల మీద కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో, వరసలుగా నల్ల చుక్కలు. రెండు వందలకు పైనే. ఒకదాన్ని బ్లేడుతో గీకి ల్యాబులో పరీక్షించాను. సీసం లేదు. ఉత్త మసి.

మర్నాడు ఉలిగమ్మ చుక్కల మీద వేలు పెట్టి నడుస్తూ ఒకచోట ఆగిపోయింది.

"ఎవురు గీకింది?"

"నేనే అవ్వా, పరీక్ష కోసం."

"సదువుకున్నోళ్ళు ముందు గీకతారు, ఆనక అడుగుతారు."

గోడకు ఆనుకొని కూర్చుంది. పేరు పెట్టకముందే పోయిన బిడ్డలను ఆ గదిలో పడుకోబెట్టేవారట. తల్లులకు చూపించకుండానే ఇంటివాళ్ళు గుడ్డలో చుట్టి తీసుకుపోయేవారు.

"దిష్టి చుక్క గూడా లేకుండా పోతాండ్రి పాపా. ఆముదం దీపానికి కాటుక పట్టి తెచ్చి, బిడ్డకొకటి, గోడకొకటి పెట్టినా. నువ్వు గీకింది మడకశిర ఆయమ్మ కూతురు. రెండు దినాలుండె."

అప్పుడే అమృత ఎవరూ లేని మూలకేసి చూసి నవ్వింది. దాన్ని దగ్గరకు పొదువుకున్నాను.

మూడు రోజుల్లో మున్సిపాలిటీవాళ్ళ తనిఖీ. మా కార్యదర్శి ఆదినారాయణ వచ్చి, "ఈ గోడకు బోర్డు పెట్టి ప్రదర్శనగా ఉంచుతామంటే సున్నం వద్దంటారు" అన్నాడు.

"ఏమప్పా, కన్నతల్లులకే చూపించనోళ్ళను టికెట్ పెట్టి చూపిస్తావా?" అంది ఉలిగమ్మ.

"మరి సున్నం కొడితే పోతాయి కదవ్వా?" అన్నాను.

"యాడికి పోతాయి? గీకకుండా కొట్టండి. అడుగున ఉంటారు."

సున్నం కొట్టేవాళ్ళు పాత పొర గీకందే పని మొదలుపెట్టరు. ఆ గోడను మాత్రం నేను గీకనివ్వలేదు. మొదటి పూత ముందు ఉలిగమ్మ నా వేలికి కాటుక రాసింది. "నువ్వు గీకినావు, నువ్వే పెట్టు." పెట్టాను. లీజు నిలిచింది.

తెల్లగోడ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అమృత చేయి చాచేది. ఒకరోజు దాన్ని ఎత్తుకుని బయల్దేరుతుంటే ఉలిగమ్మ గుమ్మంలో ఆపింది.

"బిడ్డను ఊరికే ఎత్తుకుపోవద్దు పాపా. పేరుపెట్టి పిలువు, ఇంటికి పోదాం రా అను. వీళ్ళను ఎవురూ అట్ల పిలవలేదు, అందుకే ఈడనే ఉండిపోయిరి."

ఇది నిజమో కాదో తేల్చే పరీక్ష నాకు తెలియదు. రోజూ గుమ్మంలో ఆగి పిలుస్తున్నాను. "అమృతా, ఇంటికి పోదాం రా."