పెదనాన్న చేతిలో అప్పడాల కర్ర

దేవిశ్రీ నడిపే విమానానికి ఇంజను లేదన్న సంగతి ఛత్తీస్‌గఢ్ గనుల్లోని కిరండూల్ టౌన్‌షిప్పులో ఎవరికీ తెలియదు. తెలియకుండా వాళ్ల పెదనాన్న చక్రధరరావు జాగ్రత్తపడ్డాడు. ముప్ఫయ్యేళ్లు ఇనుపరాయి గనిలో డంపరు తోలి రిటైరైన మనిషి. ఇంజను లేని బండిని బండి అనడానికే ఆయనకు నోరు రాదు, అలాంటిదాంట్లో తన ఇంటి పిల్ల ఆకాశంలో తిరుగుతోందని బజారులో ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? అందుకని ఎవరైనా అడిగితే ఒక ఇంజను తనే తగిలించేవాడు. ఎదుటివాడు మరీ నోరు తెరుచుకుని వింటుంటే రెండు. పిల్లకు చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే పెంచి పెద్దచేసింది ఆయనే కాబట్టి, ఆ మాత్రం హక్కుందనుకోండి.

ఆ పిల్లేమో కాలేజీలో ఎన్‌సీసీ పుణ్యమా అని గ్లైడరెక్కింది. తాడుకట్టి పైకి లాగి వదిలేస్తే గాలి పట్టుకుని తేలే విమానమది. ఎక్కినరోజే పిచ్చి పట్టుకుంది. మహారాష్ట్రలో ఓ క్లబ్బులో చేరి నడపడం నేర్చుకుంది, నేర్పే లైసెన్సూ సంపాదించింది. జీతం సంగతి మాత్రం అడక్కండి. రోజంతా పాఠాలు చెబితే క్లబ్బువాళ్లు సమోసాలు చేతిలో పెట్టి, ఎంత బాగా నేర్పావమ్మా అనేవారు. సమోసాలతో ఎన్నాళ్లు బతుకుతుంది? డబ్బిచ్చే క్లబ్బులు బయటి దేశాల్లో ఉన్నాయని తెలిసి అన్నిటికీ రాసింది. కొందరు వీసా కుదరదన్నారు, కొందరు అసలేమీ అనలేదు. చివరికి వానాకాలం వచ్చి, ఎగరడాలు ఆగిపోయి, ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు న్యూజిలాండ్ నుంచి ఓ క్లబ్బు పిలిచింది. వీడియోలో ఇంటర్వ్యూ. ఇది కూడా పోతే ఎగరడం మానేసి నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో ఏదో ఒక ఆఫీసులో చేరిపోతానని పెద్దమ్మ జయకు మాట ఇచ్చేసింది. ఇచ్చినప్పటినుంచీ దేవిశ్రీకి అన్నం సయించడం లేదు.

ల్యాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద పెట్టారు. తెరలో తెల్లజుట్టు ఆవిడ, ఆ క్లబ్బుకు పెద్ద ఇన్‌స్ట్రక్టరు. అడిగినవాటికల్లా దేవిశ్రీ టకటకా జవాబులు చెప్పింది. అప్పుడావిడ, "ఎప్పుడూ ఎగరని మనిషి ఇంట్లో ఉంటే పిలువు. నా ఎదురుగా పాఠం చెప్పు. మధ్యలో నేనొక ప్రమాదం తెస్తాను, కాపాడాలి" అంది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు వెనకాలే నిలబడ్డ చక్రధరరావు, పిలవకముందే వచ్చి పడక కుర్చీలో కూర్చున్నాడు. విమానాన్ని తిప్పే స్టిక్కుకు బదులు జయ అప్పడాల కర్ర తెచ్చిచ్చింది. పెడల్స్‌కు బదులు హవాయి చెప్పులు. పక్కన స్టూలు మీద దేవిశ్రీ.

"పోం పోం" అన్నాడు ఆయన.

"అదేంటి పెదనాన్నా?"

"ముందుకెళ్లాలంటే రెండు హారన్లు కొట్టాలి. గని రూలు."

"ఆకాశంలో ఎవరున్నారండీ అడ్డం?"

"ఎవులున్నా నేకపోయినా రూలు రూలే."

తెరలో ఆవిడ అదేమిటని అడిగితే, మా దగ్గర భద్రతా నియమమని చెప్పింది దేవిశ్రీ. ఆవిడ మెచ్చుకోలుగా తలూపింది.

పాఠం బ్రహ్మాండంగా సాగింది. కుడికి తిప్పమంటే ఆయన కుర్చీతో సహా కుడికి ఒరిగాడు. అంతలో ఆవిడ, "ఎదురుగా కొండ. గాలి మిమ్మల్ని కిందికి లాగేస్తోంది" అంది. అది తెలుగులో చెప్పి, ముక్కు దించి వేగం అందుకోవడానికి కర్ర ముందుకు తొయ్యమంది దేవిశ్రీ. కొండ అనగానే ఆయన, బ్రేకు తొక్కినట్టు రెండు చెప్పులూ తొక్కిపట్టి, కర్రను పొట్టలోకి లాక్కున్నాడు. వద్దంటే ఇంకా లాక్కున్నాడు. ఇక తనే అందుకోవాలి. చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఆయన వేళ్ల దగ్గర ఆగిపోయింది. ఆయన చేతిలోంచి పేపరు కూడా అడక్కుండా తీసుకోని ఇల్లది.

"పెదనాన్నా, మీకు ఇబ్బంది లేకపోతే ఒకసారి ఇలా ఇస్తారా" అంది.

"గుద్దేశారు. ఇద్దరూ చచ్చిపోయారు" అంది తెరలో ఆవిడ, తాపీగా.

ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కా జయకు అర్థమైంది. గుప్పెడు ఉప్పు తెచ్చి ఇద్దరికీ దిష్టి తీసి, పనిలో పనిగా ల్యాప్‌టాప్‌కు కూడా తీసింది. నీకు తెలియనిదేం లేదు, కానీ బతిమాలుతూ కూర్చున్నావు, థ్యాంక్యూ అంది తెరలో ఆవిడ. ఆ థ్యాంక్యూకు అర్థం దేవిశ్రీకి బాగా తెలుసు. కళ్లనిండా నీళ్లొచ్చేశాయి.

"ఏటంతంది?" అన్నాడు చక్రధరరావు.

"మీ చేతిలోంచి లాక్కోలేదని ఉద్యోగం ఇవ్వరట."

"లాగీసుకోవాల గదా మరి."

"మీ చేతిలోంచా?"

"కొండకి గుద్దీసినాక మరియాదేటే. నాతోపాటు నువ్వూ పోనావు గదా." ఆయన మొహం నిజంగానే పాలిపోయింది. "ఇంకోపాలి ఆడమని సెప్పు ఆవిడికి. ఈపాలి లాగీ."

ఆవిడ ఒప్పుకుంది. మళ్లీ పోం పోం. మళ్లీ కొండ. లాగేసుకోమని అప్పుడే చెప్పిన పెద్దమనిషి, కొండ మాట వినగానే మళ్లీ కర్రను బిగించేశాడు. ముప్ఫయ్యేళ్లు స్టీరింగు పట్టిన చెయ్యి, మాట వింటుందా? దేవిశ్రీ ఆ చేతి మీద ఫెడీమని ఒక్కటిచ్చింది.

"కర్ర నాది. వదులు."

వదిలాడు. జయ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని 'నువ్వు' అని ఎరగని పిల్ల, వెంటనే కాళ్ల మీద పడిపోదామనుకుంది. కానీ విమానం ఇంకా కిందికి దిగలేదు కదా. కొండను తప్పించి, చుట్టు తిప్పి, సుతారంగా నేలమీద దించి, అప్పుడు వంగి ఆయన కాళ్లు పట్టుకుంది.

ఆవిడ ఇక దేవిశ్రీని ఏమీ అడగలేదు. "ఈ అమ్మాయితో నిజం విమానం ఎక్కుతారా?" అని ఆయన్నే అడిగింది. తల ఎత్తకుండానే ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది దేవిశ్రీ.

ఆయన కందిన వేళ్లు ఊదుకున్నాడు. ఎక్కుతానని చెప్పమన్నాడు. దేవిశ్రీ ఆయన కాళ్లు వదిలితేగా చెప్పడానికి! ఇక ఆయనే బియ్యం డబ్బా వైపు వంగాడు.

"ఎస్ మేడమ్. గుడ్ డ్రైవర్."

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట తన గురించి తప్ప ఇంకెవరి గురించీ అని ఉండడు. ఆ సంగతి ఆవిడకేం తెలుసు, అయినా అక్టోబరుకల్లా వచ్చెయ్యమంది.