లేని తలుపుకు అంటించిన నోటీసు

మొన్న మదనపల్లెలో మా ప్రహరీ గోడ విషయమై మునిసిపాలిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చి, నోటీసు ఒకటి నా చేతికిచ్చి, ఇంకొకటి తలుపుకు అంటించి, సెల్లుతో ఫొటో తీసుకుని వెళ్ళింది. పదిహేను రోజుల్లో నా సంజాయిషీ చెప్పుకోవాలట. ఆ జిగురు వాసనకు నా పుంగనూరు ఉద్యోగం గుర్తొచ్చింది.

నా చేతిరాత హైకోర్టు దాకా వెళ్ళిందని, జడ్జిగారు దాన్ని రెండుసార్లు చదివించుకున్నారని పెళ్ళిళ్ళలోనే కాదు, కర్మాంతరాల్లో కూడా చెప్పుకున్నవాణ్ణి నేను. అబద్ధం కాదు. ఎందుకు చదివించుకున్నారో మాత్రం ఇన్నాళ్ళూ మింగేశాను.

నేనప్పుడు రెవెన్యూ గుమాస్తాను. పుంగనూరు అవతల ఓ పల్లెలో ఒంటరి ముసలామెకు ప్రభుత్వమిచ్చిన రెండెకరాల పట్టా ఉండేది. ఆమె సాగు చేయడం లేదని ఊరి పెద్దమనిషి ఒకాయన అర్జీ పెట్టాడు. రద్దు చేసేముందు ఆమెకు నోటీసిచ్చి, ఆమె చెప్పేది వినాలి, అది చట్టం. ఎండలో అంతదూరం సైకిలు తొక్కడానికి బద్ధకించి, నేను బస్టాండు టీకొట్లోనే కూర్చుని, ఆమె ఇంట లేనందున వీధి తలుపుకు నోటీసు అంటించడమైనదని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, టీ తాగుతున్న ఇద్దరిచేత సాక్షి సంతకాలు పెట్టించాను. మాలో చాలామంది చేసే పనే అది. జవాబు రాలేదని పట్టా రద్దయింది. పూతకొచ్చిన ఆమె వేరుశనగను అర్జీదారు దున్నించేశాడు.

ఆమె ఎవరి కాళ్ళు పట్టుకుందో గానీ హైకోర్టుకెళ్ళింది. తన గుడిసెకు తలుపే లేదని, వాకిలికి గోనెసంచి కట్టుకుని ఉంటున్నానని చెప్పుకుంది. జడ్జిగారు నా రాతను రెండోసారి చదివించుకున్నది అది విన్నాకే. మనిషి మాట వినకుండా ఆమె భూమి తీసేసే హక్కు ఏ అధికారికీ లేదని కోర్టు ఆ రద్దును కొట్టేసి, మళ్ళీ నోటీసిచ్చి విచారించమంది.

ఆ రెండో నోటీసు పట్టుకుపోయిందీ నేనే. ఆమె గోనెసంచి పక్కకు తొలగించి నన్ను ఎగాదిగా చూసింది.

"యాడ అంటిస్తావో సూసుకోప్పా, తలుపు ఇంగా పెట్టియ్యలా."

నేను తలవంచుకునే నోటీసు అందించాను. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని మడతపెడుతూ, "దీన్ని అప్పుడే ఇచ్చింటే నా సెనిక్కాయ నిలిచిండు గదప్పా" అంది, అంతే.

విచారణలో భూమి ఆమెకే దక్కింది. నడుమ రెండేళ్ళు పరాయి చేలల్లో కలుపు తీస్తూ వంగిన నడుము మాత్రం మళ్ళీ నిటారుగా నిలవలేదు.

ఇప్పుడు ఆఫీసువాళ్ళ మాట ఎవరూ నమ్మరని, ప్రతిదానికీ ఫొటో అడుగుతారని, పొద్దుటి నడకలో మా తరం వాళ్ళం వాపోతుంటాం. మా రోజుల్లో గుమాస్తా సంతకమే సాక్ష్యం కదా అని అందరికంటే గట్టిగా అనేది నేనే. ఆ మునిసిపాలిటీ అమ్మాయి మాట చాలదని చేతికి సెల్లు కూడా ఇచ్చి పంపుతున్నారంటే, అందులో నా ముత్యాల్లాంటి అక్షరాలకూ వాటా ఉంది.