కానిస్టేబుల్ ఆలుక్ కొడుకు

కానిస్టేబుల్ ఆలుక్‌కు ముప్ఫై నాలుగేళ్లు. ఆమె కొడుకు ఉయరాక్‌కు డెబ్బై దాటాయి. ఇందులో వింతేముందని ధ్రువం దగ్గరి మా మంచు ఊళ్లో ఎవరినడిగినా అంటారు. దక్షిణాది నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు మాత్రం రెండోసారి అడుగుతారు.

పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకు పెడితే పేరు వెంట చుట్టరికాలు కూడా వచ్చేస్తాయి. ఉయరాక్ తల్లి ఆలుక్ పోయిన మరుసటి వసంతంలో ఈ పిల్ల పుట్టింది. ఉయరాక్ వచ్చి, గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డును తేరిపార చూసి, "వచ్చావా అమ్మా, దారి బాగానే ఉందా?" అని అడిగాడట. ఆనాటి నుంచి ఆమె అతనికి తల్లి. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు "ఒరే, నోటినిండా తిండి పెట్టుకుని మాట్లాడకు" అని కసిరితే, అంత పేరున్న వేటగాడూ బుద్ధిగా నోరు మూసుకున్నాడు.

సీలు అనే సముద్రపు జంతువును కొట్టిన ప్రతిసారీ దాని కార్జం తల్లికి తెచ్చి ఇచ్చేవాడు. పెద్ద ఆలుక్‌కు అదంటే ప్రాణం. చిన్న ఆలుక్‌కు దాని వాసనే పడదు. అయినా కొడుకు ఎదురుగా కూర్చుని చూస్తుంటే తినక ఏం చేస్తుంది? పోలీసు శిక్షణకు దక్షిణాదికి వెళ్లినప్పుడు ఆ బెడద తప్పిందని లోలోపల సంతోషించింది. తిరిగొచ్చేసరికి ఫ్రీజర్ నిండా కార్జాలు ఎదురుచూస్తున్నాయి.

పోలీసుగా ఆమె పని తేలికేమీ కాదు. రాత్రి తాగి గొడవ చేసి లాకప్‌లో పడ్డవాడు తెల్లారేసరికి మేనమామ అయి కూర్చుంటాడు. నేరం చేసినవాడికీ, నేరం జరిగినవాడికీ, చూసినవాడికీ ఆమె ఏదో ఒకటి అవుతుంది. అయినా నెట్టుకొచ్చింది. ఈ వసంతంలోనే చిక్కొచ్చిపడింది.

వసంతంలో సీళ్లు సముద్రపు మంచు మీదికి వచ్చి ఎండలో పడుకుంటాయి. దూరానికి నల్లటి చుక్కల్లా కనబడతాయి. ఒక పొద్దున పల్లుక్ అనే అతను స్టేషనుకు వచ్చి టీ పోసుకున్నాడు. గాలి గురించీ, మంచులో పగుళ్ల గురించీ చాలాసేపు మాట్లాడాడు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.

"నా మంచుబండి సీటుకి బెజ్జం పడింది."

"ఎలా?"

"తూటా తగిలి."

"అప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"ఒంటికెళ్లాను. పొద్దున్నే టీ ఎక్కువైందిలే."

"కొట్టిందెవరు?"

పల్లుక్ ఆమె మొహం చూడలేదు. "గురి మాత్రం ఎక్కడికీ పోలేదు. సరిగ్గా నేను కూచునే చోటే. సీలనుకున్నాడు పాపం. దగ్గరికొచ్చి చూసుకుని, మంచు మీద కూలబడిపోయాడు. నేనేం ఫిర్యాదు చెయ్యట్లేదు. నీ కొడుకు కళ్ల సంగతి నీకు తెలీదా ఏంటి."

ఆమెకు తెలుసు. ఏడాదిగా ఉయరాక్ మనుషుల్ని గొంతు విన్నాకే గుర్తుపడుతున్నాడు. తెలిసీ ఊరుకుంది.

సార్జెంట్ డ్వైట్ దక్షిణాది మనిషి, వచ్చి రెండు నెలలే అయింది. విషయం విని, "ఆయన నీకు చుట్టమా?" అన్నాడు.

"కొడుకు సార్."

సార్జెంట్ కంప్యూటర్‌లో ఉయరాక్ పుట్టిన సంవత్సరం చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. మళ్లీ కంప్యూటర్ చూశాడు. "అయితే నువ్వెళ్లకూడదు. తుపాకీ నేనే తెస్తాను. చొక్కా వేసుకుని వెళ్తాను." తూటా దిగని నల్ల చొక్కా గోడకు వేలాడుతోంది.

"నల్లది వద్దు సార్. ఆ కళ్లకి మీరూ సీలులాగే కనబడతారు."

ఆయన కాసేపు ఆలోచించి, ఆమెనే వెళ్లమన్నాడు.

ఊరివాళ్లు ఉచిత సలహాలు ఇచ్చారు. "తల్లివి కదా, నాలుగు చీవాట్లు పెట్టి లాక్కొచ్చెయ్యి. నీ మాట జవదాటడు" అంది కొట్లో ఒకామె. నిజమే, జవదాటడు. ఆలుక్‌కు నచ్చనిది కూడా అదే. పోలీసు పనికి తల్లి పేరు వాడుకుంటే, రేపు తల్లిగా వెళ్లినప్పుడు ఇవాళేం పట్టుకుపోతుందోనని అతను భయపడడూ? భార్య పోయింది, పిల్లల్లేరు. తుపాకీ కూడా పోయాక ఉయరాక్‌కు మిగిలేది తల్లి ఒక్కతే. ఆ తల్లినీ పోగొట్టేస్తానేమోనని ఆమె హడలిపోయింది.

యూనిఫాం వేసుకుని, టోపీ పెట్టుకుని వెళ్లి అతని తలుపు తట్టింది. మా ఊళ్లో తలుపు తట్టేది పోలీసులే. అయినవాళ్లయితే నేరుగా లోపలికొచ్చి టీ పోసుకుంటారు. లోపల ఏదో పని చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"ఎవరది?"

"పోలీసు."

"రండి," అన్నాడు ఉయరాక్. అతను ఆమెను మర్యాదగా పిలవడం అదే మొదలు.

ఈటె తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను కూర్చోమనలేదు. ఆమె కూర్చోలేదు.

"పల్లుక్ చచ్చిపోయేవాడు."

"తెలుసండి."

"తుపాకీ తీసుకెళ్లడానికొచ్చాను."

అతను లేచి గోడ తడుముకుంటూ వెళ్లి తుపాకీ తీశాడు. తూటాలు తీసేసి, లోపల ఏమీ మిగల్లేదని వేలు పెట్టి చూసుకున్నాడు. చొక్కా చేత్తో గొట్టం పొడుగునా తుడిచాడు.

"చలికి బోల్టు బిగుసుకుంటుందండి. బలవంతం చెయ్యకండి. కాస్త చేత్తో వెచ్చబెడితే అదే వస్తుంది."

"అలాగే."

"వెళ్లేప్పుడు తలుపు దగ్గరగా వెయ్యండి. ఇల్లు చల్లబడుతోంది."

ఆమె తలుపు దగ్గరగా వేసింది. తుపాకీని జీపులో పెట్టి తాళం వేసింది. రిపోర్టు కోసం సార్జెంట్ ఎదురుచూస్తూ ఉంటాడని గుర్తొచ్చింది. చూడనీ అనుకుంది. టోపీ తీసింది, బెల్టు విప్పింది, బ్యాడ్జీ ఉన్న కోటు తీసి సీటు మీద పడేసింది. స్వెటర్ మీద అంత చలిలో నడవడం పిచ్చిపనే. వెనక్కి నడిచి, తట్టకుండా తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, బూట్ల మంచు దులుపుకుంది.

ఉయరాక్ ఆ అడుగులు విన్నాడు. గుమ్మం వైపు తల తిప్పాడు.

"అమ్మా, నువ్వా," అన్నాడు. "రా, కూచో. టీ వేడిగానే ఉంది."

ఆమె రెండు గ్లాసుల్లో టీ పోసింది. అతని పక్కన కూర్చుంది.

"ఇప్పుడే పోలీసులొచ్చి వెళ్లారే అమ్మా."

"ఎందుకురా?"

"నా తుపాకీ పట్టుకుపోయారు."

"నువ్వేం చేశావ్?"

"పల్లుక్‌ని సీలనుకున్నాను." అతని గడ్డం అదిరింది. "అది మా నాన్నది, నీకు తెలుసుగా. నువ్వెళ్లి అడిగితే ఇచ్చేస్తారేమో."

ఆలుక్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. "అడగనురా," అంది. "వాళ్లు చేసింది సరైన పనే."

"సరైందే. నాకు తెలీదా?" అంటూ ఆ ముసలాయన ఆమె ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "అయినా నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోనే?"