కంప్యూటరుకి కట్టిన నిమ్మకాయ

ఆ రోజుల్లో మన మనసు బాగుందో లేదో తెలుసుకోవాలంటే అమ్మ మన మొహం చూసేది, అమ్మమ్మయితే కంచంలో వదిలేసిన అన్నం చూసేది. ఆ సంగతి కంప్యూటరు కూడా చూడగలదని నాకు ఓడలరేవు దగ్గర ఒక గ్యాస్ కాంట్రాక్టు ఆఫీసులో చేరాకే తెలిసింది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి దిగుతున్న కాలం. అమలాపురంలో కంప్యూటర్ కోర్సు చేశానన్న ఏకైక అర్హతతో నన్ను ఆపరేటరుగా పెట్టుకున్నారు. ఆఫీసు మొత్తానికీ ఉన్న ఒక్క కంప్యూటరుకి పువ్వుల గుడ్డ కప్పేదాన్నీ తీసేదాన్నీ నేనే. ఇంకెవరైనా చెయ్యి వేస్తే కస్సుమనేదాన్ని (అదేదో మా పుట్టింటివాళ్ళు పెట్టిన సారె అన్నట్టు!).

ఒకరోజు హెడ్డాఫీసు నుంచి సీడీ ఒకటి వచ్చింది. పనిచేసేవాళ్ళలో ఎవరికైనా దిగులూ ఆందోళనా ఉన్నాయేమో కంప్యూటరే ప్రశ్నలడిగి కనిపెట్టేస్తుందట. చివర్లో తెర మీద పచ్చదీపం వెలిగితే మనిషి క్షేమం. ఎర్రదీపం వెలిగితే మాత్రం డాక్టరు చూసి సరే అనేదాకా యంత్రాలు ముట్టుకోకూడదు. మా మేనేజరుగారిది హైదరాబాదు. భార్యనీ పాపనీ అక్కడే ఉంచి, ఇక్కడ గెస్ట్‌హౌస్‌లో ఒక్కరే ఉండేవారు. ఎప్పుడు చూసినా నలగని చొక్కా, ఏమడిగినా 'నో ప్రాబ్లమ్' అనే జవాబు. ముందుగా ఆయనే కూర్చుని టకటకా నొక్కేశారు. పచ్చదీపం వెలిగింది. "చూశారా, ఎంత సులువో!" అని చప్పట్లు కూడా కొట్టారు.

తర్వాత క్రేను బాబాయిగారు వచ్చారు. క్రేను నడుపుతారు, అందరికీ బాబాయి, అంతకుమించి పేరెవరూ అడగలేదు. ఆయన నవ్వితే రేవులో వలలు బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూసేవారు. ఆయనకి మౌస్ పట్టుకోవడం రాదు కనుక ప్రశ్న చదవడం, ఆయన చెప్పింది నొక్కడం నా పని.

"జీవితం సంతోషంగా ఉందా?" అని చదివాను. బాబాయిగారు వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించారు. "అమ్మాయ్, ఇందులో రాసింది ఎక్కడికెళ్తాది?"

"హెడ్డాఫీసుకండీ."

"అక్కడ ఎంతమంది చూస్తారో ఏవిటో! హాయిగా ఉన్నామని మన నోటితో మనం చెప్పుకుంటే దిష్టి కొట్టెయ్యదూ? ఏదో అలా ఉన్నామని నొక్కు."

'ఏదో అలా' అన్న మీట లేదు. దానికి దగ్గరగా ఉన్నది 'అంతగా లేదు'. అదే నొక్కాను. ఆకలి వేస్తుందా అంటే, అప్పుడే పెద్ద క్యారేజీ ఖాళీ చేసి వచ్చిన మనిషి "ఏదో నాలుగు మెతుకులండీ" అన్నారు. నిద్ర పడుతుందా అంటే (మధ్యాహ్నం క్రేను నీడలో ఆయన పెట్టే గురక ఆఫీసులోకి వినపడేది) "పెద్దగా పట్టదని కొట్టెయ్యమ్మా" అన్నారు. ఎర్రదీపం వెలిగింది. ఆయన తర్వాత వచ్చిన వెల్డర్లూ డ్రైవర్లూ అందరూ ఇదే పాట. అందరికీ ఎర్రదీపమే. మేనేజరుగారు తల పట్టుకున్నారు. "ఇంతమంది ఇంత బాధలో ఉంటే నేను గమనించనే లేదా!" అన్నారు పాపం.

రూలు రూలే కనుక ముందు బాబాయిగారి దగ్గర క్రేను తాళంచెవి అడిగారు. అది ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉండేది. ముడి విప్పుతూ, "దిగినవాణ్ణి మళ్ళీ ఎక్కనిస్తారాండీ?" అన్నారు. ఆ సీటు కోసం కాంట్రాక్టరు బావమరిది కాచుక్కూర్చున్నాడని మా అందరికీ తెలుసు. బాబాయిగారి మొహంలో నవ్వు పోవడం నేను చూసింది అదే మొదటిసారి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నీ అబద్ధాలు చెప్పేరండీ ఈయన! దిష్టి తగుల్తుందని!" అని అరిచేశాను.

"ఆయ్, అంతేనండీ" అన్నారు బాబాయిగారు తల దించుకుని. వెనక వెల్డర్లందరూ కూడా "ఆయ్" అన్నారు.

మేనేజరుగారు పకపకా నవ్వేశారు. "మరి మీతో నిజం చెప్పించడం ఎలా?"

"దీనికో నిమ్మకాయ కట్టించండి సార్. సరిపోద్ది" అన్నారు బాబాయిగారు కంప్యూటరు చూపించి.

క్యాంటీన్ నుంచి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి తెచ్చారు. కట్టింది నేనే (పువ్వుల గుడ్డ కప్పుకునే నా కంప్యూటరుకి, నా చేతులతో నేనే!). బాబాయిగారు దర్జాగా కూర్చున్నారు. నిద్ర? "బండనిద్ర! మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంటాది." ఆకలి? "అది మా ఆవిణ్ణే అడగండి." పచ్చదీపం! ఆఫీసంతా ఈలలు వేశారు. ఆ తర్వాత అందరికీ పచ్చదీపాలే.

బాబాయిగారు తాళంచెవి మళ్ళీ మొలతాడుకి కట్టుకుంటూ ఆగారు. "మరి తవరెలా ఉన్నారండీ?" అని మేనేజరుగార్ని అడిగారు.

"నాకేం, నో ప్రాబ్లమ్."

"ఆయ్. అది కంప్యూటరుకి చెప్పేరు. ఇప్పుడు నేనడుగుతున్నానండీ."

మేనేజరుగారు నిమ్మకాయ వంక చూశారు. "మా పాప ఫోన్లో నాతో మాట్లాడనంటోంది బాబాయ్" అన్నారు. "ఎవరో అంకుల్ అనుకుంటోందట." నలగని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు. నాకూ ఏడుపు వచ్చేసింది. బాబాయిగారు మాత్రం, "ఇవాళ భోజనం మా ఇంట్లోనండీ. రేపు పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కేద్దురుగాని" అని, అక్కడితో ఆ సంగతి తేల్చేశారు. మేనేజరుగారు వెళ్ళారు. వచ్చేటప్పుడు పాపనీ వాళ్ళమ్మనీ వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పిల్లని క్రేను ఎక్కించి తిప్పింది ఎవరో చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇప్పుడు మా ఆఫీసువాళ్ళు ఫోనులో పెట్టించిన యాప్‌లో పసుపురంగు బొమ్మ ఒకటి రోజూ పొద్దున్నే "ఈరోజు ఎలా ఉన్నారు?" అని నవ్వుతూ అడుగుతుంది. ఇంత వయసొచ్చినా, చుట్టూ ఒకసారి చూసుకుని 'ఫరవాలేదు' అన్నదే నొక్కుతాను. నొక్కినందుకు నాకే నవ్వొస్తుంది. అయినా ఫోను వెంటనే పక్కన పెట్టను. "ఇప్పుడు నేనడుగుతున్నానండీ" అంటుందేమోనని కాసేపు దానివంకే చూస్తాను. అది ధన్యవాదాలు చెప్పి ఆరిపోతుంది.